పెరట్లో పాము కనబడితే కుక్క ఎందుకు వెనక్కి తగ్గదు?

శ్రావణ మాసంలో ఒక సాయంత్రం, వాన వెలిసిన కాసేపటికి, మా ఇంటి పెరట్లో బట్టలుతికే బండ పక్కన పోసి ఉన్న కొబ్బరి డొక్కల కుప్ప ముందు నిలబడి మా కుక్క మొరగడం మొదలుపెట్టింది. చిన్ని అని పిలుచుకునే ఆరేళ్ల నాటు కుక్క అది. వీధిలో కొత్త మనిషి కనబడితే అది మొరిగే తీరు మాకు బాగా తెలుసు; ఆ రోజు అరుపు అలా లేదు. బొంగురు గొంతుతో, హెచ్చుతగ్గులు లేకుండా, ఊపిరి తీసుకునే సందు కూడా లేనట్టుగా సాగింది. ముందుకాళ్లు కొద్దిగా వంచి, వెనకకాళ్లు నేలకు తన్నిపెట్టి, మెడ దగ్గర నుంచి తోక మొదలు దాకా వెంట్రుకలు నిక్కబొడుచుకుని, రెండడుగులు ముందుకు వేస్తూ ఒకడుగు వెనక్కి లాగుతూ ఉంది. టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూస్తే డొక్కల మధ్య నుంచి జానెడు ఎత్తు లేచిన పడగ కనబడింది. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు అలవాటు కొద్దీ "ఉస్కో" అన్నారు. అంతవరకూ ముందుకూ వెనక్కూ ఊగుతున్న చిన్ని ఒక్క ఉదుటున దూకింది. కాటు ముక్కు పక్కన, పై పెదవి మీద పడింది. తెల్లవారకముందే ప్రాణం పోయింది.

మమ్మల్ని కాపాడబోయి చనిపోయిందని ఊళ్లో అందరూ అన్నారు. ఏళ్ల తరబడి నేనూ అదే నమ్మాను, అలా నమ్మడంలో కొంత ఓదార్పు ఉండేది కూడా. కానీ కుక్కల స్వభావం గురించి, పాముల గురించి తెలుసుకుంటున్న కొద్దీ ఆ మాటలో సగమే నిజమని అర్థమైంది. చిన్ని మమ్మల్ని కాపాడింది దూకినప్పుడు కాదు; అంతకుముందే, మొరిగినప్పుడు. పాము ఉన్నదన్న కబురు మాకు అందిన క్షణంలోనే దాని పని పూర్తయింది. ఆ తరువాత జరిగినదంతా మా పని, దాన్ని మేము సరిగా చేయలేదు.

కుక్కకు పాము ఉనికి ముందుగా కంటితో కాక ముక్కుతో తెలుస్తుంది. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలు ఉంటే, కుక్క ముక్కులో అవి జాతిని బట్టి 30 కోట్ల వరకూ ఉంటాయని లెక్క. పై దంతాల వెనక, నోటికీ ముక్కుకూ మధ్య, ఇతర జంతువులు విడిచే రసాయనిక సంకేతాలను గ్రహించే మరొక అవయవం కూడా దానికి ఉంది. వినికిడిలోనూ అంతే. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి దాదాపు 45 వేల హెర్ట్జ్ వరకూ పట్టుకుంటుంది. ఎండుటాకు మీద పొలుసులు రాసుకున్న చప్పుడు మనకు అందకపోయినా దానికి అందుతుంది. తన ఇంటి వాసనలన్నీ కుక్కకు కంఠతా వచ్చిన పాఠం వంటివి. వాటిలో లేని వాసన ఒకటి చొరబడితే అది వెంటనే పసిగడుతుంది. అయితే ఆ వాసన దానికి చెప్పేది కొత్త ప్రాణి ఒకటి ఇక్కడ ఉన్నదని మాత్రమే. ఆ ప్రాణి కోరలో విషం ఉన్నదనీ, అది జెర్రిపోతు కాక నాగుపాము అనీ, ఎంత దూరంలో నిలబడితే కాటు అందదో ఆ వాసన చెప్పదు. మనం ధైర్యం అనుకునేదానిలో పెద్ద భాగం ఈ తెలియకపోవడమే.

మిగిలిన భాగం వేట. తోడేలు నుంచి కుక్కకు సంక్రమించిన వేట ఒక వరుసలో సాగుతుంది: గమనించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, నోట పట్టడం, చంపడం, చీల్చి తినడం. వేల ఏళ్ల పెంపకంలో మనిషి ఈ వరుసను తన అవసరం కొద్దీ ముక్కలు చేసి, ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క ముక్కను పెంచాడు. గొర్రెలను మళ్లించే కుక్కలో చూపు నిలపడం, పొంచి నడవడం మిగిలాయి. లాబ్రడార్‌లో వస్తువును నోట పట్టి తెచ్చే గుణం బలపడింది. అందుకే నేల మీద కదిలే దేన్నైనా అది ముందు నోటితోనే పరీక్షిస్తుంది. జర్మన్ భాషలో డాక్స్ అంటే బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువు, హుండ్ అంటే కుక్క. కన్నంలోకి దూరి ఆ జంతువుతో తలపడడానికే డాక్స్‌హుండ్‌ను తయారుచేశారు. టెర్రియర్లను ఎలుకలనూ పందికొక్కులనూ పట్టి విదిలించి చంపడానికి పెంచారు. ఇప్పుడు ఆ కుక్కలే అపార్టుమెంట్లలో సోఫాల మీద పడుకుంటున్నాయి. వాటికి జీవితంలో ఒక్కసారి కూడా వేట తెలియకపోవచ్చు, కానీ గోడ వార సన్నగా పాకే ఆకారం కనబడిన క్షణంలో తాతముత్తాతల పని కాళ్లలోకి వచ్చేస్తుంది. దక్షిణ భారతంలో మనం చూసే రాజపాళయం, ముధోల్, చిప్పిపారై జాతులు కదలికను చూసి తరిమే వేటకుక్కలు. మన వీధుల్లో పుట్టి పెరిగిన నాటు కుక్క వీటన్నిటికంటే జాగ్రత్త గలది. తెలియనిదాని దగ్గర దూరం పాటించినవే బతికి పిల్లలను కన్నాయి కనుక ఆ జాగ్రత్త దాని రక్తంలో ఉంది. చిన్ని ముందుకూ వెనక్కూ ఊగడం అదే. తరమాలన్న తొందరా, తగ్గాలన్న భయమూ ఒకే శరీరంలో పెనుగులాడుతూ ఉంటే కాళ్లు అలా ఊగుతాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడాన్ని చూసి కుక్క కోపంగా ఉందని మనం అనుకుంటాం. నిజానికి అది దాని అదుపులో లేని స్పందన, భయానికీ ఉద్రేకానికీ రెండింటికీ వచ్చేదే.

ఆ పెనుగులాటలో తూకం ఎటు మొగ్గుతుందన్నది చాలావరకు మన చేతిలో ఉంటుంది. ఇటలీలోని మిలాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టిన ఫ్యాను వంటి వింత వస్తువును కుక్కల ముందు పెట్టి గమనించారు. కుక్కల్లో అత్యధిక భాగం ఆ వస్తువును చూసి, వెంటనే యజమాని ముఖంలోకి చూసి, మళ్లీ వస్తువు వైపు చూశాయి. యజమాని భయాన్ని కనబరిస్తే కుక్క కూడా బెదిరి వెనక్కి తగ్గే ధోరణి కనబడింది. పసిబిడ్డ కొత్త మనిషిని చూసి తల్లి ముఖంలోకి చూసినట్టే ఇది. ఈ సంగతి చదివిన రోజున నాకు కొబ్బరి డొక్కల ముందు నిలబడిన చిన్ని గుర్తుకొచ్చింది. అది ఒకసారి తల తిప్పి మా వైపు చూసింది. ఏం చేయమంటారని అడిగింది. మేము ఉస్కో అన్నాం.

అరుపును మనం చదవగలిగితే ఆ జవాబు వేరుగా ఉండేది. అమెరికాలో పశువైద్యురాలు సోఫియా యిన్ కుక్కల మొరుగుళ్లను రికార్డు చేసి, వాటి శబ్దాన్ని విశ్లేషించి చూపిన విషయం ఏమిటంటే, ఇంటి దగ్గర అలజడి కలిగినప్పటి మొరుగుడు మంద్రంగా, గరుకుగా, హెచ్చుతగ్గులు తక్కువగా ఉంటుంది. ఒంటరిగా వదిలేసినప్పటి మొరుగుడు సన్నగా, హెచ్చు స్థాయిలో ఉంటుంది. కుక్కను ఏళ్ల తరబడి పెంచిన వాళ్లకు ఈ తేడా చెవికి తెలిసే ఉంటుంది, మనసులో పెట్టుకోరు అంతే. ఒకే చోట నిలబడి, నేల మీద ఒకే బిందువును చూస్తూ, పిలిచినా తల తిప్పకుండా బొంగురుగా మొరుగుతున్న కుక్క దగ్గరికి చెప్పులు లేకుండా, దీపం లేకుండా వెళ్లకూడదు.

ఇక పాము వైపు నుంచి చూద్దాం. ఇంట్లోకి వచ్చిన పాము వెతుకుతున్నది ఎలుకనో కప్పనో పొడి చోటునో. కుక్కతో దానికి పనిలేదు. దానికి గాలిలో వచ్చే శబ్దాల్లో మంద్రమైనవి మాత్రమే కొంతవరకు తెలుస్తాయి, నేల అదురు బాగా తెలుస్తుంది. కాబట్టి కుక్క మొరుగుడుకు బెదిరి పారిపోతుందని ఆశించడం సరికాదు. అదీగాక కుక్క సాధారణంగా పాముకూ బయటి దారికీ మధ్యనే నిలబడుతుంది. గుమ్మంలోనో గోడ సందులోనో తూము ముందో అది అడ్డంగా నిలిచి చుట్టూ తిరుగుతున్నంతసేపూ పాముకు తప్పించుకునే దారి ఉండదు. దారి మూసుకుపోయిన నాగుపాము పడగ విప్పి బుస కొడుతుంది, కొన్నిసార్లు నోరు మూసుకునే తలతో కొట్టి బెదిరిస్తుంది. అది దాని హెచ్చరిక. కుక్కకు మాత్రం లేచి ఊగుతున్న ఆ పడగ కదలికగా, అంటే తరమవలసిన దానిగా కనబడుతుంది. రక్తపింజర తీరు వేరు. అది చుట్ట చుట్టుకుని ప్రెషర్ కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొడుతూ ఉన్నచోటనే ఉంటుంది, కంటికి అందనంత వేగంతో కాటు వేస్తుంది. కట్లపాము రాత్రి తిరిగేది; దానితో పోరాటమే ఉండదు. వసారాలో నేల మీద పడుకున్న కుక్కను నిద్రలోనే కాటు వేసి పోతుంది, కాటు పడినచోట వాపు కూడా దాదాపు కనబడదు.

ఆ సమయంలో చేయవలసినది ఒక్క మాటలో చెప్పాలంటే, కుక్కను అక్కడి నుంచి తప్పించి పాముకు దారి వదలడం. పరుగెత్తుకుంటూ కుక్క మీదికి వెళ్లి మెడపట్టీ లాగితే, ఆ ఉద్రేకంలో అది మన చేతినే కరవవచ్చు, లేదా మనం లాగిన ఊపుకు ముందుకే దూకవచ్చు. గొంతు పెంచకుండా, రోజూ పిలిచే మాటతో, రోజూ పిలిచే స్వరంతో పిలవాలి. అన్నం గిన్నె చప్పుడు చేయడం చాలా కుక్కల మీద పనిచేస్తుంది. రాకపోతే వెనక వైపు నుంచి నెమ్మదిగా వెళ్లి పొడవాటి తాడునో దుప్పటినో ఉపయోగించాలి. కుక్కను గదిలో పెట్టి తలుపు వేసిన తరువాత, దూరంగా నిలబడి పాము ఎటు పోతున్నదో చూస్తూ ఉంటే చాలు. బయటి దారి కనబడితే చాలా పాములు వాటంతట అవే వెళ్లిపోతాయి. ఇంట్లో ఇరుక్కున్న పామును తీయించడానికి హైదరాబాదు చుట్టుపక్కల ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ కార్యకర్తలు ఉన్నారు, ఇతర చోట్ల అటవీశాఖ వారికి ఫోన్ చేయవచ్చు. కర్రతో కొట్టడం మొదలుపెడితే కుక్క ఉద్రేకం రెట్టింపవుతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకు రక్షణ కల్పించింది.

పిలిస్తే రావడం ఆ క్షణంలో నేర్పగలిగిన విద్య కాదు. పిల్లగా ఉన్నప్పటి నుంచి, రోజుకు నాలుగైదు సార్లు, ఆటలో మునిగి ఉన్నప్పుడు పిలిచి, వచ్చిన ప్రతిసారీ ఇష్టమైన ముక్క పెట్టి పంపుతూ ఉంటే ఆ పిలుపు వేట కంటే బలంగా తయారవుతుంది. పిలిచి స్నానానికో కట్టివేయడానికో తీసుకువెళితే ఆ పిలుపు చచ్చిపోతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఈ రెండోదే.

కాటు పడిందన్న అనుమానం కలిగితే కాలమే ముఖ్యం. దూకి తలపడిన కుక్కకు కాటు ఎక్కువగా ముఖం మీద, ముందుకాళ్ల మీద పడుతుంది. ముఖం వాస్తే ఊపిరి అందదు కాబట్టి మెడపట్టీ వెంటనే తీసేయాలి. నడిపించకుండా ఎత్తుకుని తీసుకువెళ్లాలి. కాళ్లాడిన కొద్దీ విషం త్వరగా పాకుతుంది. గాయం కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఐసు పెట్టడం, పసరు పోయడం ఇవేవీ మేలు చేయవు, పైగా కాలాన్ని తినేస్తాయి. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది: వెనకకాళ్లు తడబడతాయి, రెప్పలు వాలిపోతాయి, చొంగ కారుతుంది, మొరుగుడు గొంతు మారిపోతుంది, చివరకు ఊపిరి కండరాలు ఆగిపోతాయి. రక్తపింజర, చిన్న పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు: చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం కనబడుతుంది, వాపు పాకుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీన్ని తేల్చడానికి వైద్యులు చేసే పరీక్ష ఎంతో సులువైనది. శుభ్రమైన గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. అప్పటికీ నీళ్లలా కారితే విషం రక్తానికి ఎక్కినట్టే.

విరుగుడు మందు విషయంలో ఒక లెక్క ప్రతి యజమానీ తెలుసుకోవాలి. మన దేశంలో పశువైద్యులు వాడేది మనుషులకు ఇచ్చే మందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తయారుచేస్తారు. అందుకు కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన, పాములు పట్టే ఇరుల తెగవారి సహకార సంఘం నుంచి వచ్చింది. ఆ మందు ఒక మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరుస్తుంది, అంటే 10 మిల్లీలీటర్ల సీసా 6 మిల్లీగ్రాములను. రక్తపింజర ఒక కాటులో సగటున వదిలే విషం 63 మిల్లీగ్రాములని మన వైద్య మార్గదర్శకాల అంచనా. మందు విరిచేది విషాన్ని కనుక, శరీరం చిన్నదైనంత మాత్రాన మందు తగ్గదు; 15 కిలోల కుక్కలోకి ఎక్కిన విషానికి 60 కిలోల మనిషికి కావలసినన్ని సీసాలే కావాలి. పైగా అదే విషం చిన్న శరీరంలో మరింత చిక్కగా పనిచేస్తుంది. ఒకటి రెండు సీసాలతో కొన్ని కుక్కలు బతుకుతున్నాయంటే, వాటికి పడిన కాటులో విషం తక్కువగా దిగి ఉండాలి. నరాల కొసలకు ఒకసారి అతుక్కున్న విషాన్ని వెనక్కి లాగడం మందుకు కష్టం. అందుకే మొదటి గంటలు అంత విలువైనవి. సమీపంలో రాత్రివేళ తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో, అక్కడ ఈ మందు ఉంటుందో లేదో వర్షాకాలం రాకముందే కనుక్కుని పెట్టుకోవాలి. చిన్నిని తీసుకుని మేము వెళ్లిన మొదటి చోట తలుపు తాళం వేసి ఉంది, రెండో చోట మందు లేదు.

పాము మన ఇంటికే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు కుక్క గిన్నెలోనే దొరుకుతుంది. రాత్రి పెట్టిన పెరుగన్నం సగం మిగిలిపోతుంది, పొట్లంలో కొన్న గింజల తిండి మూట మూతి విప్పి ఉంటుంది. వాటికి ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట నాగుపామూ జెర్రిపోతూ వస్తాయి. కుక్క తాగే నీళ్ల తొట్టి చుట్టూ తేమకు కప్పలు చేరుతాయి, కప్పల వెంట మరికొన్ని పాములు. కుక్కను కాపలాకు పెట్టుకున్నామనుకుంటూనే పాముకు విందు సిద్ధం చేస్తుంటాం. దీనికి తోడు వానలకు పొలాల గట్లలోని కన్నాలు నిండిపోతే పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్లకు వస్తాయి. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి, మోపిదేవి ఆలయంలో సర్పశాంతి హోమం జరిపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. తిన్న వెంటనే గిన్నె కడిగి బోర్లించడం, తిండిని బిగుతైన మూత ఉన్న డబ్బాలో పెట్టడం, గోడ వార కట్టెలూ డొక్కలూ పోయకపోవడం, తూముకు జాలీ బిగించడం చిన్న పనులే. చిన్నికి కాటు పడేనాటికి మా పెరట్లో ఆ డొక్కల కుప్ప ఏడాదిగా అలాగే ఉంది.

పామే కాక, వానాకాలం రాత్రుల్లో బొంతకప్పను నోట కరచుకున్న కుక్క నురగలు కక్కుతూ తల విదిలించడం చూసి పాముకాటని భయపడే వాళ్లుంటారు. ఆ కప్ప కళ్ల వెనక ఉండే గ్రంథుల్లో గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది. తలను కిందికి వంచి, నీరు గొంతులోకి పోకుండా నోటి పక్క నుంచి కడిగి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. ముంగిసతోనో కోతితోనో అటక మీద చేరిన పునుగు పిల్లితోనో పెనుగులాట జరిగితే గాయం ఎంత చిన్నదైనా రేబిస్ ప్రమాదాన్ని పట్టించుకోవాలి. టీకా ముందే వేయించి ఉన్నా మళ్లీ వేయించాలి. చిరుత సంగతి పూర్తిగా వేరు, ఎందుకంటే దానికి కుక్క శత్రువు కాదు, ఆహారం. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) జిల్లాలో చిరుతల విసర్జనాన్ని పరీక్షించిన పరిశోధకులు, బరువు లెక్కన వాటి తిండిలో 39 శాతం పెంపుడు, వీధి కుక్కలేనని తేల్చారు. 2024లో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర చిరుత బోనులో చిక్కిన తరువాత నగరం అంచున ఉన్నవాళ్లకు కూడా ఇది దూరపు సంగతి కాదు. శేషాచలం, నల్లమల అంచుల్లోని ఊళ్లలో కుక్కను కాపలా కోసమని రాత్రి బయట గొలుసుతో కట్టేస్తారు. పారిపోయే వీలు కూడా లేకుండా దాన్ని ఎరగా కట్టినట్టే అవుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో గౌరి ఉంది, ఇదీ నాటు కుక్కే, మూడేళ్లది. పోయిన వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం వెనక గోడ దగ్గర అదే బొంగురు గొంతు విని నేను వసారాలోకి వెళ్లి గిన్నె మీద గరిటెతో తట్టి పిలిచాను. అది ఒకసారి నా వైపు, ఒకసారి గోడ వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, అయిష్టంగానే వచ్చింది. ముక్క పెట్టి లోపల తలుపు వేశాను. కిటికీలోంచి చూస్తే, నిలువెత్తు మనిషిని మించిన పొడవున్న జెర్రిపోతు ఒకటి గోడ వెంబడే తీరికగా పాకి, నాలుగైదు నిమిషాల్లో పక్క దొడ్డిలోకి దిగిపోయింది. సాయంత్రం తలుపు తీశాక గౌరి నేరుగా అక్కడికే వెళ్లి, పాము పోయిన దారంతా ముక్కుతో అంగుళం అంగుళం చదువుకుంటూ వెళ్లి గోడ దగ్గర ఆగింది. ఆ తరువాత రెండు రోజులు అటు వెళ్లిన ప్రతిసారీ అక్కడ ఆగి వాసన చూసేది.